గాంధీకి రాని 1947 నోబెల్ శాంతి బహుమతి క్వేకర్లకు ఎందుకిచ్చారు?

కృష్ణలంక_కుర్రాడు
అందరికీ నమస్కారం. గ్రూప్స్‌కి చదువుతున్నాను. నోబెల్ శాంతి బహుమతుల పట్టిక బట్టీ పడుతుంటే 1947 దగ్గర ఓ సందేహం వచ్చింది. ఆ ఏడాది గాంధీగారి పేరు కూడా పరిశీలనలో ఉందట. బహుమతి మాత్రం క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల రెండు సంస్థలకు వెళ్లింది. ఒకటి లండన్‌ది, ఒకటి అమెరికాది. యూరప్‌లో యుద్ధబాధితులకు సాయం చేశారని మా పుస్తకంలో ఒక్క వాక్యంతో సరిపెట్టేశారు. అన్నం పెడితే నోబెల్ ఇస్తారా? అలాగైతే మన దగ్గర ఎంతమందికి రావాలి! వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా. తెలిసినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు_రమ
క్వేకర్ ఓట్స్ వాళ్లేనా? డబ్బా మీద టోపీ తాత ఉంటాడు చూడండి.

ఫిల్లీ_శ్రీను
రమగారూ, కాదండీ. ఆ కంపెనీకీ వీళ్లకీ చుట్టరికం లేదు. క్వేకర్లు నిజాయితీపరులని జనంలో పేరుంది కాబట్టి 1877లో ఆ పేరూ బొమ్మా ట్రేడ్‌మార్కు చేయించుకున్నారు, అంతే. చాక్లెట్ల క్యాడ్‌బరీ, రౌంట్రీ, బూట్ల క్లార్క్స్ మాత్రం నిజంగానే క్వేకర్ కుటుంబాలవి.

నేనుండేది ఫిలడెల్ఫియాలో. ఈ ఊరు వాళ్లు కట్టుకున్నదే అనుకోండి. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో జార్జ్ ఫాక్స్‌తో మొదలైన శాఖ ఇది. ప్రార్థన అంటే చాలాచోట్ల అందరూ మౌనంగా కూర్చోవడమే. పూజారి ఉండడు. ఆయుధం పట్టం అని 1660లలోనే రాజుకు రాసిచ్చారు. అప్పట్నుంచీ యుద్ధం వచ్చినప్పుడల్లా వాళ్లకు రెండు తిప్పలు: సైన్యంలో చేరనందుకు ఒకటి, ఊరికే కూర్చోవడానికి మనసొప్పక ఒకటి. రెండో దాంట్లోంచి పుట్టిందే ఈ సహాయక పని అంతా. సంఖ్య ఎంతంటారా, మొదటి ప్రపంచయుద్ధం నాటికి బ్రిటన్ మొత్తంలో సుమారు 20 వేలమంది. మన దగ్గర ఓ చిన్న పట్టణం జనాభా.

పాతపుస్తకాలాయన
బాబూ కృష్ణలంకా, గాంధీ సంగతి ముందు తేల్చేద్దాం, లేకపోతే ఈ చర్చ దారమంతా అటే పోతుంది.

1947లో ఆయన పేరు పంపింది మనవాళ్లే. బి.జి. ఖేర్, మావలంకర్, గోవింద వల్లభ పంత్ తంతులు కొట్టారు. తుది పరిశీలన దాకా వెళ్లింది. సరిగ్గా అప్పుడే దేశ విభజన, మారణకాండ. పాకిస్తాన్ మొండికేస్తే చివరికి యుద్ధం తప్పదేమో అన్న అర్థంలో ప్రార్థన సభలో ఆయన అన్నట్టు సెప్టెంబరులో లండన్ పత్రికలో వచ్చింది. ఐదుగురి కమిటీలో ఎక్కువమంది వెనకాడారు. క్వేకర్లు గాంధీకి అడ్డం పడింది లేదు. అడ్డం పడకపోగా, 1948లో గాంధీ పేరు ప్రతిపాదించినవాళ్లలో వీళ్లున్నారు. బహుమతి పొందినవాళ్లకు మరుసటి ఏడు పేర్లు పంపే హక్కు ఉంటుంది, దాన్ని ఇలా వాడారు. ప్రతిపాదనల గడువు ఇంకా రెండు రోజులుందనగా గాంధీని చంపేశారు. ఆ ఏడాది బహుమతి ఎవరికీ ఇవ్వలేదు.

ఇక అన్నం పెడితే నోబెల్ ఇస్తారా అన్నావు. ఎవరికి పెట్టారు, ఎప్పుడు పెట్టారు అన్నది చూడాలి. వీళ్లు శత్రుదేశం పిల్లలకు పెట్టారు. అదీ యుద్ధం కోపం చల్లారకముందే.

లెక్కలమాస్టారు
అందరూ దండలు వేయడానికి ముందు నావి రెండు ప్రశ్నలు. డబ్బు ఎవరిది? మతం మార్చారా, లేదా? ఈ రెండూ తేలితే తప్ప నేను చప్పట్లు కొట్టను.

గోదారి_టు_బెర్లిన్
మాస్టారూ, మొదటి ప్రశ్నకు నేను చెబుతా. రాజమండ్రి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాను. చరిత్ర మీద కాస్త పిచ్చి.

1918 నవంబరులో కాల్పులు ఆగాయి కానీ జర్మనీ మీద బ్రిటన్ నౌకాదిగ్బంధం ఆగలేదు. 1919 జూలై దాకా సాగింది. యుద్ధంలో ఎటూ పాలు, కొవ్వు, మాంసం లేవు. ఓడిపోయాక కూడా లేవు. ఆ జూలైలోనే అమెరికా నుంచి సంఘసేవకురాలు జేన్ ఆడమ్స్, డాక్టర్ ఆలిస్ హామిల్టన్, క్వేకర్ మహిళ కరొలీనా వుడ్ వచ్చి పిల్లల పరిస్థితి చూసి వెళ్లారు. రికెట్స్ (ఎముకలు వంగిపోయే జబ్బు), క్షయ, వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం.

అప్పటికి అమెరికా తరఫున యూరప్ అంతటా ఆహారం పంపే బాధ్యత హెర్బర్ట్ హూవర్ చేతిలో ఉంది. తర్వాత అధ్యక్షుడైన హూవరే. పుట్టుకతో క్వేకర్. కానీ 1919లో అమెరికాలో 'జర్మన్లకు అన్నం' అంటే తంతారు. అందుకని ఎవరూ అనుమానించలేని వాళ్లకు అప్పజెప్పాడు. 1917లో ఫిలడెల్ఫియాలో పుట్టిన అమెరికన్ ఫ్రెండ్స్ సర్వీస్ కమిటీ అది. తర్వాత నోబెల్ వచ్చిన అమెరికా సంస్థ ఇదే; ఫ్రెండ్స్ అంటే క్వేకర్లు తమను తాము పిలుచుకునే పేరు. 1920 ఫిబ్రవరిలో వంట మొదలైంది. 1921 వేసవికి రోజుకు పదిలక్షల మంది పిల్లలు తింటున్నారు.

కాబట్టి మాస్టారూ, డబ్బులో ఎక్కువ భాగం క్వేకర్ల జేబులోంచి రాలేదు. హూవర్ సంస్థ ఇచ్చింది, అమెరికాలోని జర్మన్ మూలాలవాళ్లు ఇచ్చారు. పిండి, చక్కెర, రవాణా జర్మన్ ప్రభుత్వం పెట్టుకుంది. వడ్డించింది, గిన్నెలు తోమింది వేలమంది జర్మన్ ఆడవాళ్లు. మరి క్వేకర్లేం చేశారంటే నమ్మకం తెచ్చారు. సరుకు దారి మళ్లదని, రాజకీయం చూడరని అటువాళ్లూ ఇటువాళ్లూ ఒప్పుకునే మనుషులు అప్పుడు ఇంకెవరూ దొరకలేదు.

ఓరుగల్లు_రమ
ఏం పెట్టేవాళ్లు?

గోదారి_టు_బెర్లిన్
రమగారూ, రోజుకో పూట. బడిలోనో, ఊరి హాల్లోనో. ఒకరోజు బీన్స్ సూప్, ఒకరోజు పాలల్లో ఉడికించిన అన్నం, ఒకరోజు కోకో, దాంతో తెల్ల రొట్టె. పిల్లవాడి దగ్గర కార్డు ఉండాలి. లోటా, చెంచా ఇంటి నుంచి తెచ్చుకోవాలి. నియమం ఒకటే గట్టిది: అక్కడే కూర్చుని తినాలి, ఇంటికి పట్టుకెళ్లకూడదు. ఇంట్లో చంటిబిడ్డో ముసలమ్మో ఆకలితో ఉన్నారని తెలిసి కూడా ఆ పిల్లలు అక్కడే తినాల్సి వచ్చేది. వినడానికి కర్కశంగా ఉంటుంది. పట్టుకెళ్లనిస్తే అది ఇల్లంతా పంచుకుని, బక్కపిల్లాడికి నాలుగు చెంచాలు కూడా మిగలవు.

జర్మన్‌లో ఈ భోజనానికి 'క్వేకర్‌స్పైజుంగ్' అని పేరు పడిపోయింది. ఇప్పటికీ పెద్దవాళ్ల ఇళ్లల్లో తాతలు చెప్పిన మాటగా వినిపిస్తుంది.

డా_సరళ
నేను పిల్లల డాక్టర్ని. నాకు ఆసక్తిగా అనిపించేది పిల్లల్ని ఎంచిన పద్ధతి. పదిలక్షల మంది అంటే చాలా అనిపిస్తుంది కానీ ఆకలితో ఉన్నవాళ్లు అంతకు ఎన్నో రెట్లు. అందరికీ సరిపోదు. మరి ఎవరికి? చూడగానే జాలేసినవాడికా? తండ్రికి పలుకుబడి ఉన్నవాడికా?

డాక్టర్లను పెట్టి బడిపిల్లలందరినీ పరీక్ష చేయించారు. ఎత్తు, బరువు తీసి 'రోరర్ సూచిక' అనే లెక్క కట్టేవారు. బరువును ఎత్తు ఘనంతో భాగిస్తారు. దాన్ని బట్టీ, డాక్టరు చూపును బట్టీ వరసలు. బాగా దెబ్బతిన్నవాళ్లకు ముందు కార్డు. పెద్దింటి పిల్లాడైనా, కూలివాడి పిల్లాడైనా, యూదుడైనా తూకమే మాట్లాడుతుంది. ఈ సూచికకు లోపాలు లేకపోలేదు. వయసును బట్టి విలువ మారిపోతుంది, పొట్టిపిల్లలు బొద్దుగా ఉన్నట్టు తేలతారు. చిన్నప్పట్నుంచీ తిండిలేక ఎదుగుదల ఆగినవాడు లెక్కలో 'బాగానే ఉన్నాడు' అయిపోయే ప్రమాదం ఉంది. ఇప్పుడు అంగన్‌వాడీల్లో వయసుకు తగ్గ ఎత్తు, ఎత్తుకు తగ్గ బరువు విడివిడిగా చూసేది అందుకే.

పక్కనే ఆస్ట్రియాలో అమెరికన్ సహాయక సంస్థ భోజనాలను నడిపింది క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే డాక్టరు. 'ఎలర్జీ' అనే పదం పుట్టించింది ఆయనే. ఒక గ్రాము పాలను కొలమానంగా తీసుకుని ఆహారం మొత్తాన్ని ఆ లెక్కలో కొలిచేవాడు.

వియన్నాలో క్వేకర్ల పని మరో తీరు. నడిపింది డాక్టర్ హిల్డా క్లార్క్, శ్రీనుగారు చెప్పిన బూట్ల క్లార్క్స్ ఇంటి ఆడపడుచు. ఊళ్లో పాలు లేవు. డబ్బాపాలు ఎన్నాళ్లు దిగుమతి చేస్తారు? హాలండ్, స్విట్జర్లాండ్ నుంచి ఆవుల్ని కొని చుట్టుపక్కల రైతులకు ఇచ్చింది. రైతు ఆ అప్పును డబ్బుతో కాదు, పాలతో తీర్చాలి. ఆ పాలు నగరంలోని శిశు సంరక్షణ కేంద్రాలకు. డబ్బు విలువ గంటగంటకూ పడిపోతున్న రోజుల్లో అప్పును పాలల్లో కట్టించుకోవడం ఎంత తెలివైన పనో ఆలోచించండి. మాస్టారికి ఇది నచ్చాలి.

లెక్కలమాస్టారు
నచ్చింది డాక్టరమ్మా. రెండో ప్రశ్న అలాగే ఉంది.

ఒంగోలు_గిత్త
మాస్టారి రెండో ప్రశ్న మా జిల్లావాళ్లకు బాగా తెలిసిన ప్రశ్న. 1876-78 ధాత కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు కూలీలకు పని పెట్టాడు. కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, తిండికోసం వచ్చారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జూలైలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి ఇచ్చారు. అది తిండి ప్రభావమా, కులం బరువు దించుకోవడమా అని ఇప్పటికీ వాదించుకుంటాం.

క్వేకర్లది దానికి పూర్తి తేడా. వాళ్లు సాయం చేసేచోట మతప్రచారం పెట్టుకోలేదు. రుజువు కావాలంటే ఫలితం చూడండి. జర్మనీలో ఏళ్లతరబడి లక్షల మందికి తిండి పెట్టాక 1925లో అక్కడ వాళ్ల సొంత సభ ఏర్పడింది. సభ్యులు కొన్ని వందల మంది. మతం మార్చడానికే పెట్టి ఉంటే ఇంత నష్టం వ్యాపారం ఎవడూ చేయడు.

లెక్కలమాస్టారు
ఇది సరే. ఒప్పుకున్నాను. అసలు ప్రశ్న ఇప్పుడు అడుగుతా, ఎవరూ కోప్పడకండి.

1921లో ఎనిమిదేళ్ల పిల్లాడు 1939కి 26 ఏళ్లవాడు. వాడు ఎక్కడున్నాడు? పోలండ్ మీదికి వెళ్లిన సైన్యంలో. మీరు తూచి, కోకో పోసి పెంచినవాడే. క్వేకర్లు జర్మనీని బతికించారు, జర్మనీ ఏం చేసిందో లోకమంతా చూసింది. దీనికి ఏమంటారు?

కృష్ణలంక_కుర్రాడు
మాస్టారూ 🙏 ఇంత మాట!

పాతపుస్తకాలాయన
కోపమేం లేదు, అడగాల్సిన ప్రశ్నే. ఆ రోజుల్లో కూడా అడిగారు. కానీ మీరు లెక్కలో ఒక వైపే వేశారు మాస్టారూ. ఆ పదిలక్షల్లో యూదుల పిల్లలున్నారు, హిట్లర్ జైళ్లలో పెట్టిన సోషలిస్టుల పిల్లలున్నారు, ఆడపిల్లలు సగం మంది. ఎనిమిదేళ్ల బిడ్డను చూసి వీడు పెద్దయ్యాక ఏమవుతాడో చెప్పే తూకం డాక్టరమ్మ దగ్గర కూడా లేదు.

ఇంకో సంగతి. 1923లో జర్మన్ డబ్బు, అంటే మార్కు, విలువ కుప్పకూలి మళ్లీ ఆకలి వచ్చినప్పుడు అమెరికాలో చందాలు వసూలు చేసిన కమిటీకి పెద్ద ఎవరనుకున్నారు? జనరల్ హెన్రీ ఆలెన్. రైన్ నది ఒడ్డున అమెరికా ఆక్రమణ సైన్యాన్ని నడిపిన సేనాధిపతి. యుద్ధం చేసినవాడే వీళ్లకు పెట్టాలి అన్నాడు. పంపిణీ మళ్లీ క్వేకర్ల చేతుల మీదుగానే జరిగింది.

గోదారి_టు_బెర్లిన్
మాస్టారి ప్రశ్నకు 1938లో ఒక విచిత్రమైన కొనసాగింపు ఉంది.

నవంబరు 9-10 రాత్రి యూదుల ప్రార్థనాలయాలు తగలబెట్టారు, దుకాణాలు పగలగొట్టారు. డిసెంబరులో ఫిలడెల్ఫియా నుంచి ముగ్గురు క్వేకర్లు బెర్లిన్ వచ్చారు. రూఫస్ జోన్స్, రాబర్ట్ యార్నల్, జార్జ్ వాల్టన్. జోన్స్‌కు అప్పటికి 75 ఏళ్లు. నేరుగా గెస్టపో (నాజీల రహస్య పోలీసులు) ప్రధాన కార్యాలయానికి వెళ్లారు. యూదులకు సాయం చేయడానికి, దేశం దాటించడానికి అనుమతి కావాలని అడిగారు. చేతిలో ఒక కాగితం. అందులో మొదట ఏం రాశారంటే, దిగ్బంధం రోజుల్లో మీ పిల్లలకు అన్నం పెట్టినవాళ్లం మేము అని. అధికారులు ఆ కాగితం తీసుకుని పైవాళ్లతో మాట్లాడటానికి లోపలికి వెళ్లారు. వీళ్లు ముగ్గురూ తమ అలవాటు ప్రకారం తలవంచుకుని మౌనంగా కూర్చున్నారు. ఆ గదిలో మైకు దాచి ఉందని తర్వాత తెలిసిందని జోన్స్ రాశాడు. మౌనం రికార్డయి ఉంటుంది, పాపం. అధికారులు తిరిగి వచ్చి సరే అన్నారు.

ఆ 'సరే' ఎంతవరకు పనికొచ్చిందన్నది వేరే మాట. నా లెక్కలో కొంతే. జోన్స్ దాన్ని చాలా గొప్పగా తలచుకున్నాడు. గెస్టపోవాళ్ల గుండె కరిగిందని మాత్రం నేను నమ్మను.

ఫిల్లీ_శ్రీను
గోదారి గారూ, ఇక్కడ నేను కొంచెం తేడా పడతాను. ఆ నవంబరులోనే లండన్ వైపు జరిగింది చూడండి. జర్మనీలోని యూదు సంస్థల పెద్దలు జైళ్లలో, శిబిరాల్లో ఉన్నారు. బ్రిటన్ నుంచి యూదులు వెళ్లి చూడటం ప్రమాదం. విల్‌ఫ్రిడ్ ఇజ్రాయెల్ అనే బెర్లిన్ వ్యాపారి కోరిక మీద క్వేకర్లు వెళ్లి పరిస్థితి చూసి వచ్చారు. నవంబరు 21న హోం మంత్రి శామ్యూల్ హోర్‌ను కలిసిన బృందంలో బెర్తా బ్రేసీ ఉంది. 1933 నుంచి జర్మనీ శరణార్థుల పని చూసిన క్వేకర్ ఆవిడ. పిల్లల్ని తల్లిదండ్రులు ఒంటరిగా పంపడానికి సిద్ధంగా ఉన్నారా అన్నది ప్రభుత్వం అనుమానం. సిద్ధంగా ఉన్నారని చూసి వచ్చినవాళ్లు చెప్పారు. అదే రోజు పార్లమెంటులో హోర్ ఒప్పుకున్నాడు. యుద్ధం మొదలయ్యేలోపు దాదాపు 10 వేల మంది పిల్లలు బ్రిటన్ చేరారు.

ఇందులో యూదు సంస్థలదే పెద్ద పాత్ర, క్వేకర్లకే అంటగట్టకూడదు. కానీ జర్మనీలో తిరగగలిగే మనుషులు ఆ వారంలో వాళ్లే. ఎందుకు తిరగగలిగారు? ఊళ్లలో వాళ్ల పేరు చెబితే కోకో గుర్తొస్తుంది కాబట్టి. మాస్టారి 26 ఏళ్ల సైనికుడి పక్కన ఈ పదివేల మందిని కూడా నిలబెట్టాలి.

లెక్కలమాస్టారు
నిలబెట్టాను. లెక్క సమం కాలేదు కానీ ముందుకన్నా మెరుగు.

ఓరుగల్లు_రమ
ఇందాకటి నుంచి చూస్తున్నా, ఆడవాళ్ల పేర్లే ఎక్కువ వస్తున్నాయి. కరొలీనా, హిల్డా, బెర్తా. ఇంకెవరైనా ఉన్నారా?

డా_సరళ
బోలెడు మంది రమగారూ. నాకు ఇష్టమైనవాళ్లు ఇద్దరు.

ఎడిత్ పై, మంత్రసాని. 1914 చివర్లో ఫ్రాన్స్‌లో మార్న్ నది దగ్గర షాలోన్ పట్టణంలో ప్రసూతి ఆస్పత్రి పెట్టింది. ఊళ్లు కాలిపోయి రోడ్డున పడ్డ నిండుచూలాళ్ల కోసం. యుద్ధం ముగిసేసరికి అక్కడ వెయ్యికి దగ్గరగా కాన్పులు జరిగాయి. ఫిరంగుల మోత దగ్గరైనప్పుడు తల్లుల్ని, పసికందుల్ని నేలమాళిగలోకి మోసుకెళ్లేవారు. యుద్ధం అంటే మనం గాయపడ్డ సైనికుణ్ణే ఊహించుకుంటాం. నొప్పులు మాత్రం కాల్పుల విరమణ కోసం ఆగవు కదా! వెళ్లిపోతూ ఆ ఊరికి శాశ్వత ప్రసూతి ఆస్పత్రి కట్టడానికి సాయం చేసి వెళ్లారు. ఫ్రాన్స్ ఆవిడకు లీజియన్ ఆఫ్ ఆనర్ అనే పెద్ద పురస్కారం ఇచ్చింది.

రెండో ఆవిడ మేరీ ఎల్మ్స్. ఐర్లండ్‌లోని కార్క్ ఆవిడ. క్వేకర్ కూడా కాదు, వాళ్ల సంస్థలో పనిచేసింది. స్పెయిన్ అంతర్యుద్ధంలో పిల్లల ఆస్పత్రులు నడిపింది. 1939 మొదట్లో ఫ్రాంకో గెలిచినప్పుడు లక్షలమంది శరణార్థులు పర్వతాలు దాటి ఫ్రాన్స్‌కు పోతే, వాళ్లతోపాటే వెళ్లి పెర్పిన్యాలో మకాం పెట్టింది. పక్కనే రివ్‌సాల్ట్ శిబిరం. 1942 ఆగస్టు నుంచి అక్కడి యూదుల్ని రైళ్లలో ఎక్కించి నాజీల చేతికి పంపడం మొదలైంది. ఈవిడ పిల్లల్ని కారులో దాచి శిబిరం బయటికి తెచ్చి పిల్లల వసతుల్లో, కొండ పల్లెల్లో పెట్టింది. 1943 ఫిబ్రవరిలో పట్టుకున్నారు. ఆరునెలల జైలు. బయటికి వచ్చి మళ్లీ పనిలో చేరింది. తర్వాత ఎవరైనా ఆ జైలు గురించి అడిగితే, ఆ రోజుల్లో అందరికీ ఏవో ఇబ్బందులు ఉండేవిలే అని కొట్టిపారేసేదట. బతికుండగా ఏ సత్కారమూ ఒప్పుకోలేదు. 2002లో పోయింది. ఆ తర్వాతే ఇజ్రాయెల్ ఆవిణ్ణి గౌరవించింది.

బెజవాడ_బాబు
అంతా బాగుంది. ఒక్క సందేహం. రెండో యుద్ధంలో జర్మనీ ఆక్రమించిన దేశాలకు తిండి పంపితే అది జర్మన్ సైన్యం తినదా? బ్రిటన్ దిగ్బంధం పెట్టింది అందుకేగా?

పాతపుస్తకాలాయన
చర్చిల్ వాదన అదే. 1940 ఆగస్టు 20న పార్లమెంటులో చెప్పాడు, ఆక్రమిత దేశాలకు ఆహారం పోనివ్వం అని. తర్కం బలంగానే ఉంది. ఫలితం గ్రీస్‌లో కనిపించింది. 1941-42 చలికాలంలో ఏథెన్స్ వీధుల్లో శవాలు. అప్పుడు బ్రిటన్‌లో క్వేకర్లు, కొందరు చర్చి పెద్దలు, ప్రొఫెసర్లు కలిసి దిగ్బంధంలో సందు ఇవ్వమని పోరారు. డాక్టరమ్మ చెప్పిన ఎడిత్ పై ఆ పోరులో ముందుంది. ఆక్స్‌ఫర్డ్‌లో 1942 అక్టోబరులో ఏర్పడిన అలాంటి కమిటీయే తర్వాత ఆక్స్‌ఫామ్ అనే పెద్ద సహాయక సంస్థ అయింది. గ్రీస్ వరకు బ్రిటన్ 1942లోనే మెత్తబడింది. స్వీడన్ ఓడల్లో కెనడా గోధుమలు గ్రీస్‌కు వెళ్లాయి, తటస్థుల పర్యవేక్షణలో పంచారు. కాబట్టి సైన్యం తినేస్తుందన్న భయానికి మందు లేకపోలేదు. పంచేవాడు ఎవడు, లెక్క చూసేవాడు ఎవడు అన్నదే మందు.

అదే చర్చిల్ 1943 కరువులో బెంగాల్‌కు ఏం చేశాడో మనకు తెలుసు. అప్పుడు కలకత్తాలో, మేదినీపూర్‌లో పాల కేంద్రాలు నడిపినవాళ్లలో క్వేకర్ల ఫ్రెండ్స్ అంబులెన్స్ యూనిట్ ఉంది. దాన్ని మన దేశానికి తెచ్చింది గాంధీ మిత్రుడు హొరేస్ అలెగ్జాండర్.

బెజవాడ_బాబు
అంబులెన్స్ యూనిట్ అంటే సైన్యానికి పనిచేసినట్టే కదా? గాయపడినవాణ్ణి బాగుచేస్తే మళ్లీ తుపాకీ పట్టుకుంటాడు.

ఫిల్లీ_శ్రీను
బాబు బ్రదర్, సరిగ్గా అక్కడే వాళ్లల్లో వాళ్లకు పెద్ద గొడవ. 1914లో డంకర్క్ వెళ్లిన అంబులెన్స్ యూనిట్‌ను చాలామంది పెద్ద క్వేకర్లు తమ అధికారిక సంస్థగా ఒప్పుకోలేదు. సైన్యం బండి ఇరుసుకు కందెన వేస్తున్నారన్నారు. కార్డర్ క్యాచ్‌పూల్ అనే ఆయన కథ చూడండి. అంబులెన్స్ యూనిట్‌లో పనిచేశాడు. 1916లో నిర్బంధ సైనిక చట్టం వచ్చాక, ఇక ఈ పని కూడా ప్రభుత్వం బలవంతమే అవుతుందని వదిలేసి వచ్చి జైలుకెళ్లాడు. 1930లలో బెర్లిన్‌లో ఉండి నాజీల చేతిలో కూడా అరెస్టయ్యాడు.

ఈ పట్టుదల కొన్నిసార్లు చాదస్తంలా కనిపిస్తుంది. 1945లో సహాయక బృందాలు యూరప్‌లోకి వెళ్లేటప్పుడు సైన్యం అందరూ ఖాకీ వేసుకోవాలంది. వీళ్లు ఖాకీ వెయ్యం అన్నారు. బూడిదరంగు యూనిఫాం కుట్టించుకున్నారు, భుజం మీద ఎరుపు-నలుపు ఎనిమిది మొనల నక్షత్రం. ఆ నక్షత్రం 1870లో ఫ్రాన్స్-ప్రష్యా యుద్ధంలో కాలిపోయిన పల్లెలకు విత్తనాలు, పశువులు పంచినప్పటి గుర్తు. నాజీల బెర్గెన్-బెల్సన్ శిబిరం ఏప్రిల్ 15న విముక్తి అయితే, ఆ నెలలోనే ఈ బూడిదరంగు బృందం అక్కడ ఉంది. నీళ్లు మోయడం, పేలమందు చల్లడం, బతికినవాళ్లను కడిగి పక్కమీద వేయడం. ఆ బృందంలో జేన్ లెవర్సన్ అనే యూదు అమ్మాయి కూడా ఉంది.

కృష్ణలంక_కుర్రాడు
నా పరీక్షకు ఒక్క వాక్యం చాలు, మీరు రెండు యుద్ధాలు చెప్పేశారు 😄 సరదాగా ఏదైనా ఉందా, గుండె బరువెక్కింది.

ఒంగోలు_గిత్త
ఉంది. ఓస్లోలో బహుమతి తీసుకోవడానికి అమెరికా వైపు నుంచి హెన్రీ క్యాడ్‌బరీ వెళ్లాలి, ప్రొఫెసరు. రాజుగారి ముందు తోక కోటు తప్పదు. ఆయనకు లేదు, కొనడం దండగనుకున్నాడు. యూరప్‌కు పంపడానికి వాళ్ల గోదాములో పాతబట్టలు పోగేస్తున్నారు. అందులో బుడాపెస్ట్ సంగీత బృందం వాళ్లకని తోక కోట్లు విడిగా పెట్టారు. ఆయనకు సరిపోయేది ఒకటి తీసి వేసుకెళ్లాడు. పని అయ్యాక కోటు బుడాపెస్ట్ దారి పట్టింది.

లెక్కలమాస్టారు
ఇది బాగుంది. ఖర్చు సున్నా.

అది సరే, యుద్ధం అయ్యాక ఫ్రాన్స్‌లో జర్మన్ ఖైదీలతో పని చేయించుకున్నారని ఎక్కడో చదివాను. వెట్టిచాకిరీ కాదా? ఇక్కడ ఎవరూ ఆ మాట ఎత్తలేదే!

పాతపుస్తకాలాయన
ఎత్తితే మంచిదే మాస్టారూ. 1919లో వెర్దున్ పరిసరాల్లో అమెరికా సైన్యం వదిలేసిన సామాన్ల డిపోలు ఐదింటిని అమెరికన్ క్వేకర్లు కొన్నారు. పలుగులు, పారలు, కలప, రేకులు, గుడారాలు. ఊళ్లు తిరిగి కట్టుకునే రైతులకు చవకగా అమ్మి, వచ్చిన డబ్బు మళ్లీ పనిలో పెట్టారు. జురా ప్రాంతంలో డోల్, ఓర్నాన్ ఊళ్లలో చెక్క ఇళ్ల భాగాలు తయారుచేసే వర్క్‌షాపులు అప్పటికే నడిచాయి. డిపోల్లో సామాను ఏరడానికి, మోయడానికి ఫ్రెంచి ప్రభుత్వం జర్మన్ యుద్ధఖైదీలను ఇచ్చింది. వాళ్లకు జీతం ఇవ్వకూడదన్నది నిబంధన.

వీళ్లు ఒక్కొక్కరి పేరు, ఇంటి చిరునామా, పనిచేసిన రోజులు రాసిపెట్టుకున్నారు. తర్వాత క్వేకర్లు ఆ చిట్టా, ఖైదీల ఫొటోలు పట్టుకుని జర్మనీ వెళ్లి ఇంటింటికీ తిరిగి ఆ కూలి డబ్బు కుటుంబాలకు ఇచ్చారు. అప్పటికి చాలామంది ఖైదీలు ఇంకా ఇల్లు చేరలేదు. మొగుడు బతికున్నాడో లేదో తెలియని ఆడవాళ్లకు మొదట చేతికొచ్చింది ఫొటో, తర్వాత డబ్బు.

లెక్కలమాస్టారు
చిట్టా రాసినవాడు నాకు నచ్చాడు. సైనికుడి లెక్క మీద మాత్రం నా మాట నాదే. బెంగాల్ పాల కేంద్రాల సంగతి వేరే దారం తెరవండి ఆయనగారూ, అక్కడ చర్చిల్‌తో తేల్చుకుందాం.

పాతపుస్తకాలాయన
ఆదివారం తెరుస్తాను. డాక్టరమ్మా, మీరు తప్పక రావాలి, పాలపొడి లెక్కలున్నాయి.